పేరు చెప్పని చెయ్యి

“ఎవరు పెట్టమన్నారే నిన్ను ఆ టేపు? చెప్పు, ఎవరు పెట్టమన్నారు?”

ఉమామహేశ్వర్ కేకకి వంటింట్లో భార్య ఛాయాదేవి చేతిలో గరిట ఆగిపోయింది. స్పందన మాత్రం సోఫా అంచున కూర్చుని ఫోను వంక చూస్తూ ఉండిపోయింది. చదివిందే మళ్లీ చదువుతోంది. ఎన్నిసార్లు చదివినా అందులో ఒక్క అక్షరం మారడం లేదు.

“మీ కోసమే పెట్టాను నాన్నా. ఉపేందరన్న రుజువు చూపించమన్నాడు. ఉంది కదా అని చూపించాను.”

“నన్నొక మాట అడిగావా?”

అడగలేదు. అడగాల్సిన పనేముంది? ఆ కథ వినే కదా తను పెరిగింది! తీరంలో తుఫాను కొట్టి ఫోన్లూ కరెంటూ పోయిన ఆ రాత్రి, నాచారంలోని ఈ ముందు గదిలో నాన్న తన రేడియో ముందు కూర్చుని, అటునుంచి మోర్స్‌లో చుక్కలూ గీతలుగా వచ్చే సందేశాలన్నీ అందుకుని నగరానికి అందించాడని. తెల్లారేదాకా కుర్చీలోంచి లేవలేదని. ప్రశంసాపత్రం ఇప్పటికీ గోడకుంది. దాని చుట్టూ దేశదేశాల హామ్ రేడియో మిత్రులు నాన్న పేరున పంపిన రంగురంగుల కార్డులున్నాయి. వాటిని చూసే స్పందనకి రేడియో పిచ్చి పట్టింది, వాటిని చూసే పోయినేడు పరీక్ష రాసి తనూ లైసెన్సు తెచ్చుకుంది.

అలాంటి నాన్నని వారం రోజులుగా ఉప్పల్ హామ్ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పట్టుకుని ఉతుకుతున్నారు. క్లబ్బు అధ్యక్ష పదవికి ఆయన పేరు పెట్టగానే మొదలైంది గొడవ. ‘చీఫ్ సైంటిస్టుగ రిటైర్ అయిన్రని రాసుకున్నరు. గా ల్యాబుల మా మేనమామ పనిచేసిండు. సారు స్టోర్స్‌ల ఉండెనట గద?’ అని ఉపేందర్ అడిగాడు. నాన్న ‘హోదా సమానమే, పేరే వేరు’ అని ఏదో నసిగాడు. ఆ నసుగుడుకే స్పందనకి తల కొట్టేసినట్టయింది. అంతలో ఉపేందర్, ‘పోనీ, తుఫాను ముచ్చటన్న నిజమేనా?’ అన్నాడు.

అంతే, ఆమెకి ఒళ్లు మండింది. అటక మీది డబ్బాలోంచి ఆ రాత్రి క్యాసెట్టు తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి గ్రూపులో పడేసింది. కింద ఒక మాట కూడా రాసింది. ‘మా నాన్న చెప్పింది అబద్ధమైతే నా లైసెన్సు నేనే వాపసిచ్చేస్తాను.’

ఈ పొద్దున పోశయ్యగారి జవాబొచ్చింది. ఆయన రామంతాపూర్‌లో ఉంటాడు, క్లబ్బులో అందరికంటే పెద్ద, వారమంతా ఒక్క మాట కూడా అనలేదు.

‘అమ్మా స్పందనా, టేపు అసలుదే. ఆ రాత్రి నేను కూడా ఇటు వింటూ కూర్చున్నవాణ్ని. ఈ చెయ్యి నాకు బాగా తెలుసు. అప్పట్లో మధ్యాహ్నాలు రేడియోలో కలిసేది. కానీ ఇది ఉమామహేశ్వర్ గారి చెయ్యి కాదు. ఆయన క్లబ్బులో నా పక్కన కూర్చుని మోర్స్ కీ కొట్టినప్పుడు చూసిన. ఏ టేపూ లేనప్పుడు అడగడం మర్యాద కాదని ఊకున్న. ఇప్పుడు పదిమందిలో పెట్టినవు కాబట్టి చెప్పక తప్పలేదు. ఈ పూట రేడియో సభలో సారు కీ మీదికొచ్చి నాలుగు మాటలు కొడితే తేలిపోతది. నాదే పొరపాటైతే అందరి ముందు మన్నించమంట.’

మోర్స్ కొట్టేవాళ్లలో ఒక్కొక్కరిది ఒక్కో చెయ్యి. చుక్కా గీతా అందరివీ ఒకటే అయినా కొట్టే తీరు వేరు. ఫోన్లో గొంతు వినగానే ఎవరో తెలిసిపోయినట్టు, నాలుగు అక్షరాలు వినగానే పాతవాళ్లు మనిషిని పట్టేస్తారు. టేపులోని చెయ్యి ప్రతి మాటకీ చివరి గీతని కొంచెం సాగదీస్తుంది. ఆ సాగదీత తనకి ఎంత ముద్దొచ్చిందో స్పందనకి గుర్తొచ్చింది. నాన్న ఇంత మెత్తగా కొట్టేవాడా అని మురిసిపోయింది కూడాను.

“ఏముంది నాన్నా, ఈ పూట సభలో కూర్చుని కొట్టెయ్యండి. వాళ్ల నోళ్లు మూతపడతాయి.”

ఉమామహేశ్వర్ కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. “మణికట్టు బెణికిందని రాసెయ్.”

“నిన్న సాయంత్రం షటిల్ ఆడొచ్చారు కదా!”

“అప్పుడే బెణికింది.”

ఆ మాట చెప్పిన తీరుకి స్పందన గుండె గుభేలుమంది. నాన్న అబద్ధమాడితే ఎలా ఉంటుందో స్టోర్స్ గొడవలో కొత్తగా తెలిసింది ఆమెకి. గొంతు ఒక మెట్టు పైకెళుతుంది, కళ్లు గోడ మీదికెళతాయి. ఇప్పుడూ అలాగే వెళ్లాయి.

వంటింట్లోంచి ఛాయాదేవి రాలేదు, పలకలేదు. ఆ ఇంట్లో రేడియో మాటొస్తే ఆమె ఎప్పుడూ పలకదు. ఆ ముందు గదిలో బల్ల మీద దుమ్ము కూడా స్పందనే తుడుస్తుంది.

ఫోను మోగింది. ఉపేందర్.

“చెల్లె, గుస్స గాకు. లైసెన్సు వాపసిస్తనని ఎందుకన్నవ్? గది నేనైతె పట్టించుకోను. కాని గ్రూపుల అందరు సూసిన్రు గద.”

“అన్నమాట మీద నిలబడతాను. నువ్వు భయపడకన్నా.”

“నాకేం భయం? సారు జర రెండు నిమిషాలు కీ మీద కూసుంటె అయిపాయె. ఆయన చెయ్యే అయితె నేనే అందరి ముంగట మాఫీ అడుగుత.”

“అయితే మాటలు వెతుక్కో. అడగాల్సొస్తుంది,” అని ఫోను పెట్టేసింది. 

సభ అంటే పెద్ద ఆర్భాటమేమీ కాదు. ఆదివారం పొద్దున చుట్టుపక్కల హామ్‌లందరూ రేడియోలో ఒకే చోటికొచ్చి, ఒకరి తర్వాత ఒకరు మోర్స్‌లో పలకరించుకుంటారు. లైసెన్సుతో ఇచ్చిన అక్షరాల గుర్తు కాల్‌సైన్ చెప్పి, ఆపరేటర్ ఫలానా అని తన పేరు చెప్పి, వాతావరణం చెప్పి తప్పుకుంటారు. వారం వారం అయ్యే ముచ్చటే. ఈ పూట మాత్రం ఎవరు తప్పుకుంటారు? నారపల్లి నుంచి నాగారం దాకా అందరూ చెవులు అప్పగించి కూర్చుని ఉంటారు.

స్పందన సెట్టు ఆన్ చేసింది. చేసీ చెయ్యగానే గుర్రుమని ఒకటే రొద. పక్కింట్లో బోరు మోటారు వేశారు.

“వెళ్లి ఆపమని చెప్పు,” అన్నాడు ఉమామహేశ్వర్. ఆ తొందర చూసి, కొట్టడానికే సిద్ధపడుతున్నాడనుకుని స్పందనకి ప్రాణం లేచొచ్చింది. చెప్పులు తొడుక్కుని పరుగున ప్రహరీ దగ్గరికెళ్లింది.

“ఏంది బిడ్డా, మల్ల గుర్రుమంటుందా మీ డబ్బ?” అంది వెంకటనర్సమ్మ, బక్కెట దించి. “ఆగు, బంద్ జేస్త. ట్యాంకు సగం గూడ నిండలె. మీ నాయిన ఇయ్యాల గూడ తుఫానోళ్లతోని మాట్లాడుతుండా?”

“లేదు పెద్దమ్మా, ఊరికే పలకరింపులు.”

“ఊకె అంటవేంది! మా మనుమనికి రోజు జెప్త. గా సారే లేకుంటె ఎంతమంది నీళ్లల్ల వోదురో అని. అసోంటి మనిషి మన సందుల ఉండుడు మన నసీబు.”

రేపీ పాటికి ఈమెకి ఏం చెప్పాలి? ఆ ఆలోచనని తోసేసి వెనక్కి తిరిగింది స్పందన. మోటారు ఆగింది. ఆగగానే సందు సందంతా నిశ్శబ్దమైపోయి, తెరిచి ఉన్న కిటికీలోంచి నాన్న గొంతు స్పష్టంగా వినిపించింది. అంత మెత్తటి గొంతు ఆయన ఆ ఇంట్లో వాడగా ఆమె ఎన్నడూ వినలేదు.

“ఎవరికీ కనపడదు ఛాయా. ఎవరొచ్చి చూస్తారు? ఒక్కసారి కూర్చో. ఆ రాత్రి కొట్టినట్టే కొట్టు. నా పేరు చెప్పి తప్పుకో. అంతే కదా, నీకేం కొత్తా?”

స్పందన గుమ్మంలోనే నిలబడిపోయింది. చెప్పులు విప్పడం కూడా మర్చిపోయింది. అమ్మా? బెండకాయలు తరుక్కుంటూ, టీవీ సౌండ్ తగ్గించమని గొణుక్కుంటూ తిరిగే అమ్మా? ఆ చెయ్యి అమ్మదా?

ఛాయాదేవి బల్లకి దూరంగా, గోడనానుకుని నిలబడి ఉంది. కూతుర్ని ఆమే ముందు చూసింది.

“వినేసింది,” అంది భర్తతో.

“అమ్మా, నీకు మోర్స్ వచ్చా?”

“మీ నాన్న పరీక్షకి తయారవుతున్నప్పుడు ఎవరో ఒకరు కొట్టాలి కదా, ఆయన విని రాసుకోవడానికి. పుస్తకం చూసి నేను కొట్టేదాన్ని.” ఛాయాదేవి చేతులు కొంగుకి తుడుచుకుంది. “కొట్టీ కొట్టీ నాకొచ్చేసింది. ఆయన ఎలాగో గట్టెక్కారు.”

“గట్టెక్కడమేంటి? పాసయ్యాను!” అన్నాడు ఉమామహేశ్వర్.

“పాసయ్యారు. నేను కాదన్నానా? తర్వాత ఈ ఇంట్లో కీ ముట్టుకుంటే ఒట్టు. మధ్యాహ్నాలు నేను కూర్చునేదాన్ని. మీ కాల్‌సైన్ చెప్పేదాన్ని, మీ పేరు చెప్పేదాన్ని. సాయంత్రం మీరొచ్చి, ఈ రోజు ఏ దేశం దొరికింది అని అడిగేవారు.”

స్పందన గోడ మీది కార్డుల వంక చూసింది. జపాను, బ్రెజిల్, ఎక్కడెక్కడివో. అన్నిటి మీదా ‘ప్రియమైన మహేశ్’ అనే. వాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా నాన్న తెచ్చుకున్నది కాదా? 

“మరి తుఫాను రాత్రి?”

 వంటింట్లో కుక్కరు కూసి ఊరుకుంది.

“నువ్వప్పుడు కడుపులో ఉన్నావు. బడి మీద జనం ఎక్కి కూర్చున్నారు, పడవ పంపండి అని వచ్చింది. విన్నాక లేచి ఎలా వెళ్లను? అటు అందుకోవడం, ఇటు అందించడం. తప్పు రాసుకుంటే మళ్లీ వినొచ్చని ఆ టేపు పెట్టింది కూడా నేనే. తెల్లారి ఈయన వచ్చేసరికి అంతా అయిపోయింది. తర్వాత పేపరు వాళ్లొచ్చారు. ఫొటో తీస్తామంటే ఈయన కుర్చీలో కూర్చున్నారు.”

“తెల్లారి వచ్చారా? అంటే ఆ రాత్రి నాన్న ఇంట్లో లేరా?”

ఛాయాదేవి భర్త వంక చూసింది.

“ఎక్కడికెళ్లారు నాన్నా?”

“అదిప్పుడెందుకు?” ఉమామహేశ్వర్ మొహం నల్లబడింది. “ఆ కాల్‌సైన్ ఎవరిది? నాది. సెట్టు ఎవరు కొన్నారు? డాబా మీద ఎండలో నిలబడి ఆ తీగలు కట్టిందెవరు? లైసెన్సు లేని మనిషి కీ కొట్టిందని తెలిస్తే నన్నేం చేస్తారో తెలుసా? నా కోసమేనా నేను నోరు మూసుకుంది? మీ అమ్మని కాపాడ్డానికి కాదూ?”

“నన్ను కాపాడ్డానికా?” అంది ఛాయాదేవి. గొంతు పెంచలేదు. “నాకూ పరీక్ష రాయాలనుందండీ అన్నాను ఆ ఏడే. ఒకింట్లో రెండు లైసెన్సులు దేనికన్నారు. అదీ నన్ను కాపాడ్డానికేనా?”

స్పందనకి ఒకటి గుర్తొచ్చింది. పోయినేడు తన లైసెన్సు వచ్చిన రోజు అమ్మ పరవాన్నం చేసింది. ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసింది. చదవడానికి కళ్లజోడు లేదు కాబోలు అనుకుంది అప్పుడు.

స్పీకర్లో మోర్స్ మొదలైంది. పోశయ్యగారి చెయ్యి, తొందర లేకుండా. ఒక్కొక్కర్నీ పిలుస్తున్నాడు. పిలిచినవాళ్లు పలికి తప్పుకుంటున్నారు. స్పందనకి అక్షరాలు వినపడుతూనే ఉన్నాయి గానీ ఏవీ బుర్రకెక్కడం లేదు. చివరికి నాన్న కాల్‌సైన్ వచ్చింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

ఉమామహేశ్వర్ భార్య వైపు తిరిగాడు. ఇంతసేపూ కేకలేసిన మనిషి రెండు చేతులూ జోడించాడు. “ఛాయా, నా మొహం చూడకు. పిల్ల మొహం చూడు. దాని లైసెన్సు పోతుంది. నా పేరు ఒక్కసారి చెప్పు, చాలు.”

స్పందన నోరు తెరిచింది. వద్దని చెప్పడానికో, కానిమ్మని చెప్పడానికో ఆమెకే తెలియలేదు. ఒక్క నిమిషం అమ్మ కూర్చుంటే నాన్న పరువు నిలుస్తుంది. తన కాల్‌సైన్ నిలుస్తుంది. ఉపేందర్ మాఫీ అడుగుతాడు. వెంకటనర్సమ్మకి ఏమీ చెప్పక్కర్లేదు. ఛీ, ఇలా లెక్కలేస్తున్నానేంటి అని తన మీద తనకే అసహ్యం వేసింది.

ఛాయాదేవి వచ్చి కుర్చీలో కూర్చుంది.

కీ ని కొంచెం దగ్గరికి లాక్కుంది. మోచెయ్యి బల్ల మీద ఆనించి, వేళ్లు గుండీ మీద పెట్టింది. ఇన్నేళ్లలో ఒక్క పూట కూడా ముట్టని మనిషి, నిన్ననే లేచి వెళ్లినట్టు కూర్చుంది.

మొదట కాల్‌సైన్ కొట్టింది. చివరి గీత కొంచెం సాగింది. స్పందన ఒళ్లు జలదరించింది. అదే చెయ్యి! టేపులోని చెయ్యి తన కళ్ల ముందు కదులుతోంది, పోపు వాసనేస్తూ, మసి అంటుకున్న గాజులతో.

ఆ తర్వాత ‘ఆపరేటర్’ అని కొట్టింది. ఉమామహేశ్వర్ గట్టిగా ఊపిరి వదిలాడు. ఇక పేరే మిగిలింది. మహేశ్. మొదటి అక్షరానికి రెండు గీతలు.

గీత పడింది.

రెండో గీత రాలేదు. చుక్క వచ్చింది.

మోర్స్ అంతంతమాత్రంగా వచ్చినవాడికైనా సొంత పేరు తెలియకపోదు. ఆ చుక్క వినగానే ఉమామహేశ్వర్ చెయ్యి కరెంటు స్విచ్చు మీదికి దూకింది. దానికంటే ముందు స్పందన చెయ్యి పడింది. తండ్రి మణికట్టుని రెండు చేతులా పట్టుకుంది. బెణికిందన్న మణికట్టే.

“వదులు.”

“వద్దు నాన్నా.”

“నీ లైసెన్సు పోతుందే పిచ్చిదానా!”

“పోనీ.” ఏడుస్తున్నానని ఆ మాట అన్నాకే తెలిసింది ఆమెకి. “అమ్మని చెప్పనివ్వండి.”

గీత, చుక్క. సి. ఆ తర్వాత హెచ్, ఎ, వై, ఎ. ఛాయాదేవి తొందరపడలేదు, ఆగలేదు. ఆఖరి గీత దగ్గర చెయ్యి ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపు ఉండిపోయింది. ఆపరేటర్ ఛాయ. ఇంకోసారి కొట్టింది. ఆపరేటర్ ఛాయ.

ఆమె కీ వదిలిపెట్టాక స్పీకర్లో ఉట్టి హోరు. ఇంతసేపూ టింగుటింగుమన్న ఫోను కూడా నోరు మూసుకుంది. ఆ కొద్దిసేపు స్పందన తండ్రి చెయ్యి వదల్లేదు, ఆయన విడిపించుకోనూ లేదు.

అప్పుడు రామంతాపూర్ నుంచి పోశయ్యగారి చెయ్యి మెల్లగా పలికింది. స్పందన ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. శుభోదయం ఛాయ. మీ చెయ్యి మళ్లీ విన్న. పేరు ఇప్పుడే విన్న. సంతోషం.

ఛాయాదేవి కళ్లు మూసుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లకి గాలిలో ఎవరో ఆమెని పేరు పెట్టి పిలిచారు.

ఆయన ముగించీ ముగించగానే ఇంకో చెయ్యి అడ్డం వచ్చింది. పరుగులు తీసే చెయ్యి, చుక్కల మధ్య సందు కూడా ఇవ్వనిది. ఉపేందర్! అడిగింది చిన్న ప్రశ్నే. విన్నవాళ్లందరికీ వచ్చే ప్రశ్నే.

అయితే ఆ రాత్రి మహేశ్ సారు ఎక్కడున్నరు?

ఉమామహేశ్వర్ చెయ్యి స్పందన పట్టులో ఒక్కసారిగా చల్లబడింది. ఆమె తల తిప్పి ఆయన మొహంలోకి చూసింది. పట్టుబడ్డ మొహాన్ని ఆమె ఈ వారంలో చూసే ఉంది. ఇది అది కాదు. ఆయన భయపడుతున్నాడు. ఇంకెవరికో కాదు, గోడనానుకుని ఇన్నేళ్లు నిలబడ్డ ఆ మనిషికి.

ఛాయాదేవి జవాబు కొట్టలేదు. కుర్చీలోంచి లేచింది. కుర్చీని ఆయన వైపు జరిపింది. కీ ని కూడా బల్ల మీద అటు తోసింది.

“నా పేరు నేను చెప్పుకున్నాను,” అంది. “మిమ్మల్ని అడుగుతున్నారు. ఆ రాత్రి మీ సంగతి మీరు చెప్పండి.”

“ఛాయా, పిల్ల ముందు...”

“నాకెప్పుడో తెలుసు. పిల్లకే తెలియాలి. కూర్చోండి.”

స్పందన చెయ్యి వదిలేసింది. ఉమామహేశ్వర్ కుర్చీలో కూలబడ్డాడు. గుండీ మీద వేలు పెట్టాడు.  స్పీకర్లో పోశయ్యగారు తొందరపెట్టకుండా, ఆయన కాల్‌సైన్‌ని మాత్రం ఇంకోసారి పిలిచి ఊరుకున్నాడు.

ఆ వేలి కింద మొదటి అక్షరం కోసం తల్లీ కూతురూ పక్కపక్కన నిలబడి ఎదురుచూస్తున్నారు.